ఆంధ్రా పారిస్‌లో ఒక వాటా

నాటకరంగంలో స్త్రీపాత్రల మీద పిహెచ్‌.డి. పూర్తిచేశాక కూడా నాకు తృప్తి కలగలేదు. లైబ్రరీల్లో దొరికిందంతా నాటకాలు రాసినవాళ్ల గురించి, ఆడించినవాళ్ల గురించి. ఆ నాటకాలు ఆడిన ఊళ్లో కొన్నాళ్లుండి, పాత కరపత్రాలు, ఫోటోలు, నటుల ఇళ్లల్లో మిగిలిన జ్ఞాపకాలు పోగుచేసుకుంటే తప్ప ఈ పని పూర్తికాదనిపించింది. అలా 2023 జూన్‌లో తెనాలి వెళ్లాను. వెళ్లిన మొదటి పదిహేను రోజులూ నేను చేసిన పరిశోధన మాత్రం అద్దె ఇళ్ల మీదే.

మారీసుపేట, కొత్తపేట, నందులపేట, చెంచుపేట... టులెట్ బోర్డు కనపడ్డ గేటల్లా తట్టాను. ప్రశ్నలు ప్రతిచోటా అవే, వరస కూడా అదే. "మీ వారేం చేస్తారమ్మా?" ఒక్కదాన్నేనండీ అంటే కాసేపు మౌనం. తర్వాత "అమ్మానాన్నా వచ్చి ఉంటారా?" ఆ తర్వాత గొంతు కాస్త తగ్గించి "ఏవిట్లు మీరు?" మొదటి ప్రశ్నకి నిజం చెప్పినందుకు నాలుగిళ్లు పోయాయి. మూడో ప్రశ్నకి జవాబు చెప్పనందుకు రెండిళ్లు పోయాయి. ఒక పెద్దాయన మాత్రం నా పని గురించి ఆసక్తిగా అడిగారు. నాటకాల మీద పరిశోధన అనగానే "అయితే నాటకాలవాళ్లు వస్తూ పోతూంటారా?" అని అనుమానంగా చూశారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన వెనక గోడకి ఏదో నాటక పరిషత్తు వాళ్లు ఇచ్చిన జ్ఞాపిక వేలాడుతోంది.

చివరికి ఒక పాత పెంకుటింట్లో పెరటివైపు వాటా దొరికింది. ఇంటిగలావిడకి డెబ్బయ్యేళ్లుంటాయి. తొమ్మిదింటికల్లా గేటు వేసేస్తానని, మగవాళ్లెవరూ రాకూడదని, నీచు వండకూడదని మూడు షరతులు పెట్టారు. నేను పిన్నిగారూ అని పిలిచాను. ఆవిడ "అమ్మాయ్" అన్నారు. మా తీరప్రాంతంలో ఇంట్లో అద్దెకిచ్చే భాగాన్నీ వాటా అంటాం, ఆస్తిలో వచ్చే భాగాన్నీ వాటా అంటాం. ఒకే మాటలో ఇన్ని చిక్కులున్నాయని అప్పటికి నాకు తెలీదు.

*

తెనాలిని ఆంధ్రా పారిస్ అంటారు. ఊరి మధ్యలోంచి పారే కాలువల వల్ల ఆ పేరు వచ్చిందని కొందరు, కళల వల్ల వచ్చిందని కొందరు చెబుతారు. రెండూ నిజమే అయివుండొచ్చు. ఎందుకంటే ఆ కాలువల నీళ్లకీ ఈ కళలకీ సంబంధం ఉంది. కృష్ణా పశ్చిమ డెల్టాలో పండిన ధాన్యం, ఆ ధాన్యం మీద నిలిచిన మిల్లులు, వ్యాపారాలు, ఆ వ్యాపారాల తగాదాల మీద బతికిన ప్లీడర్లు. ఈ మిగులు డబ్బులోంచే నాటక సమాజాలకి చందాలు వచ్చాయి, ప్రెస్సులు వచ్చాయి, సినిమా హాళ్లు వచ్చాయి. మున్సిపాలిటీ 1909లో ఏర్పడింది. మద్రాసు - కలకత్తా పెద్ద లైను మీద స్టేషను ఉంది. ఇక్కణ్ణించే ఒక లైను గుంటూరుకీ, మరొకటి రేపల్లెకీ చీలుతుంది. 2011 లెక్కల ప్రకారం పట్టణ జనాభా 1,64,937.

ఇంత చిన్న ఊరు తెలుగు సంస్కృతికి ఇచ్చిన పేర్లు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. త్రిపురనేని రామస్వామి చౌదరి మున్సిపల్ ఛైర్మన్‌గా పనిచేసింది ఇక్కడే. ఆయన ఇల్లు 'సూతాశ్రమం' ఒక సాహిత్య చిరునామా. చక్రపాణి శరత్ నవలల్ని తెలుగులోకి తెచ్చి, 'యువ' పత్రికని ఈ ఊరినుంచే నడిపారు. కొడవటిగంటి కుటుంబరావు పుట్టింది ఇక్కడ, 1909లో. చలం బాల్యం గడిచింది ఇక్కడ. శ్రీరామవిలాస సభ తెలుగు నాటకానికి ఒక తరం నటుల్ని ఇచ్చింది. ఇప్పటికీ ఊళ్లో శిల్పశాలల ముందు నిలబెట్టిన నాయకుల విగ్రహాలు ఏ ఊరికి ప్రయాణం కడతాయో తెలీదు.

ఈ పేర్లతో ఊరి పటం ఒకటి గీసుకుంటే, పలానావారి ఇల్లు, పలానావారి ప్రెస్సు, పలానావారి సభ అని గుర్తులు పెట్టుకుంటూ పోవచ్చు. నేనూ అలాంటి పటం ఒకటి గీసుకున్నాను. నెల తిరిగేసరికి అందులో నలభై గుర్తులయ్యాయి. వాటిలో ఒక స్త్రీ పేరు మీద ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. తెనాలి సాంస్కృతిక చరిత్రంతా ఆడవేషాలతో, ఆడపేర్లతో కిటకిటలాడుతుంది. కానీ ఆ ఊళ్లో ఆడవాళ్లకి చోటెక్కడుంది అని అడిగితే సాహిత్య చరిత్ర దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం ఇళ్ల చరిత్ర చూడాలి. ఎవరికి ఇల్లుంది, ఎవరికి అద్దెకిచ్చారు, ఎవరు గడప దాటారు, ఎవరిని ఊరే దాటించారు. సంస్కృతి గురించి రాసేవాళ్లం ఈ లెక్కల్ని రెవెన్యూ వాళ్లకి వదిలేస్తాం. అది మన పొరపాటు అని ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

*

ముందు వేషం గురించి. స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టారు. తెనాలి శ్రీరామవిలాస సభలో వెలిగారు. సత్యభామ, చింతామణి, మధురవాణి, రోషనార. స్త్రీపాత్ర అంటే స్థానమే అన్నంతగా పేరు తెచ్చుకున్నారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆయన చీరకట్టు చూసి ఆడవాళ్లు నేర్చుకునేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన ప్రతిభని తగ్గించాలని నాకు లేదు. కానీ స్త్రీత్వం అంటే ఏమిటో స్త్రీలకి నేర్పే స్థానం ఒక పురుషుడికి దక్కడం వెనక ఒక ఏర్పాటుంది. సంసార స్త్రీలు స్టేజీ ఎక్కకూడదు. ఎక్కిన స్త్రీ సంసారి కాదు. ఈ రెండు వాక్యాల మధ్య ఖాళీలోంచే మగవాడి ఆడవేషం వచ్చింది. బళ్లారి రాఘవ స్త్రీపాత్రలు స్త్రీలే వెయ్యాలని పట్టుబట్టినప్పుడు ఆయనతో కలిసి నటించినవారిలో కొమ్మూరి పద్మావతీదేవి ఒకరు. ఆమె కూతురు వరూధినే కుటుంబరావు గారి భార్య. ఈ బంధుత్వం మనకి గుర్తుంటుంది, ఆమె నటన గురించి రాసినవి వెతుక్కోవాలి.

మరి స్టేజీ మీద ఆ పురుషులు అనుకరించింది ఎవరిని? చింతామణి, మధురవాణి ఇద్దరూ కళావంతుల స్త్రీలు. ఆ రోజుల్లో సంగీతం, చదువు, తమ పేరు మీద ఇల్లు, తల్లినుంచి కూతురికి వచ్చే ఆస్తి ఉన్న స్త్రీలంటే చాలావరకు వాళ్లే. 1929లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీల ఇనాం భూముల్ని గుడి సేవ నుంచి విడదీసింది. 1947లో దేవాలయాలకి అంకితమివ్వడాన్ని నిషేధించింది. ఆ ఆచారంలో ఉన్న దోపిడీని ఎవరూ సమర్థించరు. కానీ సంస్కరణ వాళ్ల వృత్తిని తీసేసినప్పుడు దాన్ని ఆనుకుని ఉన్న కళనీ, ఇంటినీ, పరపతినీ కూడా తీసేసింది. వాటి బదులు పెళ్లిని చూపించింది. ఆ పెళ్లిలో ఇల్లు భర్తది.

కాళ్లకూరి నారాయణరావు 'చింతామణి'ని ఈ వెలుగులో మళ్లీ చదివాను. ఆ నాటకంలో చింతామణి ఇల్లు మగవాళ్ల ఆస్తులు హరించుకుపోయే చోటు. బిల్వమంగళుడు, భవానీశంకరం, సుబ్బిశెట్టి ఆ గడపలోకి వచ్చి గుల్లవుతారు. వాళ్ల ఆస్తుల గురించి ప్రేక్షకులు వందేళ్లపాటు నవ్వారు, బాధపడ్డారు. అదే కాలంలో బయట నిజంగా ఇళ్లు పోగొట్టుకుంటున్నది ఎవరు? 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు చేసిన ఫిర్యాదు దానికి కారణం. ఆ గొడవంతా నేను శ్రద్ధగా చదివాను. చింతామణి, ఆమె చెల్లెలు, తల్లి... ఆ పాత్రల్లో కించపడినవాళ్ల ప్రస్తావన నాకెక్కడా కనపడలేదు. ఆ పాత్రలు వేసుకుని బతుకుతున్న నటీమణుల తిండి గురించి మాత్రం కొందరు మాట్లాడారు, అదే నయం.

తెనాలిలో అలాంటి నటి ఒకామెని కలిశాను. ముప్పయ్యేళ్లకి పైగా స్టేజీ మీద ఉన్నారు. "వేషంలో ఉన్నప్పుడు మేడలో ఉంటానమ్మా, దిగాక ఒక గదీ వంటిల్లూ" అని నవ్వారు. ఇల్లు అద్దెకి అడిగేటప్పుడు ఏం చేస్తుంటావంటే కుట్టుపని అని చెబుతారట. "రాత్రి కార్యక్రమం అయ్యి తెల్లారగట్ల వస్తే ఏం చెబుతారు?" అని అడిగాను. "పెళ్లి బ్లౌజులు, అర్జెంటు అని చెబుతా" అన్నారు. కళలకి పుట్టినిల్లని పేరున్న ఊళ్లో ఒక కళాకారిణి ఇల్లు కోసం దర్జీ వేషం వెయ్యాల్సి వస్తోంది.

*

నేను తెనాలి వెళ్లేటప్పుడు ఒక వాదం ముందే సిద్ధం చేసుకున్నానని ఒప్పుకోవాలి. ఇక్కడ మగవాళ్లు ఆడవేషం వేశారు, ఆడపేరు పెట్టుకున్నారు, చివరికి ఆడవాళ్ల గొంతు కూడా వాళ్లే పలికారు అన్నది నా వాదం. వేషానికి స్థానం ఉదాహరణ అయితే, పేరుకి ఉదాహరణ 'శారద'.

శారద అసలు పేరు ఎస్. నటరాజన్. తమిళుడు. పుదుక్కోట నుంచి చిన్నతనంలోనే తండ్రితో తెనాలి వచ్చారు. హోటళ్లలో సర్వరుగా పనిచేస్తూ తెలుగు నేర్చుకుని ఆ తెలుగులోనే కథలు, 'మంచీ చెడూ', 'అపస్వరాలు', 'ఏది సత్యం' లాంటి నవలలు రాశారు. 1955లో, ముప్పై ఏళ్ల వయసులో, పేదరికంతో, మూర్ఛ జబ్బుతో చనిపోయారు. ఇంకో మగవాడు స్త్రీ పేరుతో అని నేను నోట్సులో రాసుకున్నాను. తర్వాత ఆయన రచనలు వరసగా చదివాను. నోట్సులో ఆ వాక్యం కొట్టేశాను.

ఎందుకంటే శారద ఊరిని ముందుగది నుంచి చూడలేదు. వంటింటి వైపు నుంచి చూశారు. ఎంగిలి పళ్లేలు తీసే కుర్రాళ్లు, అప్పులవాళ్లని తప్పించుకు తిరిగే గుమస్తాలు, ఒంటిని అమ్ముకోక తప్పని ఆడవాళ్లు. వీళ్లకి ఊళ్లో సొంత తలుపు లేదు. శారదకీ లేదు. ఇల్లున్నవాడు స్త్రీ పేరు పెట్టుకోవడం వేరు, ఇల్లులేనివాడు పెట్టుకోవడం వేరు అని నాకు ఆలస్యంగా అర్థమైంది. జెండర్ ఒక్కదానితోనే చదివితే స్థానం, శారద ఒకటే వరసలో కనపడతారు. వాళ్లు ఎక్కడ పడుకున్నారు అని అడిగితే ఆ వరస చెదిరిపోతుంది. అయినా నాలో ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఆ హోటల్లో గిన్నెలు తోమే ఆడమనిషి తన పేరుతో తాను రాయగలిగే రోజు ఆ ఊళ్లో ఉందా? లేదు. శారదకి బల్లలు తుడిచే పని తర్వాత రాత్రి దొరికింది. ఆమెకి ఆ పని తర్వాత ఇంకో ఇంటి పని ఉంటుంది.

శారద అన్న పేరు ఈ జిల్లాలో ఇంకో రెండుచోట్ల తగులుతుంది. ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు 1922లో గుంటూరులో శారదా నికేతనం స్థాపించారు. నిలువనీడ లేని ఆడవాళ్లకి చదువుతో పాటు ఉండటానికి చోటిచ్చిన సంస్థ అది. నికేతనం అంటే ఇల్లు. చదువుకన్నా ముందు ఇల్లు కావాలని వాళ్లకి తెలుసు. మరొకరు 1945లో తెనాలిలో పుట్టిన సరస్వతీదేవి. శారద అన్న తెరపేరుతో జాతీయ ఉత్తమ నటి అయి, 1996లో తెనాలి నుంచే లోక్‌సభకి ఎన్నికయ్యారు. ఒక స్త్రీ ఈ ఊరికి ప్రతినిధి కావడానికి ముందు ఈ ఊరు దాటి మద్రాసు వెళ్లాల్సివచ్చింది.

*

ఇక రచనల్లో ఇళ్లు. చలం స్త్రీల గురించి అంత కోపంగా రాయడానికి మూలం చిన్నప్పుడు ఇంట్లో తల్లి పడ్డ బాధలు చూడటమే అంటారు. 'మైదానం' (1927)లో రాజేశ్వరి ప్లీడరు భర్త ఇల్లు వదిలి అమీర్‌తో ఊరి బయటికి వెళ్లిపోతుంది. తెలుగులో ఒక స్త్రీ ఇంటినే కాదనడం అంత బలంగా అంతకుముందు ఎవరూ రాయలేదు. అయితే అద్దె ఇల్లు వెతుక్కుంటూ మళ్లీ చదివినప్పుడు నాకొక కొత్త సందేహం వచ్చింది. మైదానానికి అద్దె లేదు. అక్కడ ఎవరూ వచ్చి "ఏవిట్లు మీరు" అని అడగరు. ఇంటికి ప్రత్యామ్నాయంగా చలం చూపించింది ప్రకృతి. నాకు కావలసింది గడియ పెట్టుకోవడానికి ఒక తలుపు. ఇల్లు వదలడం స్వేచ్ఛ అని చెప్పగలిగిన రచయిత, తిరిగి రావడానికి సొంత ఇల్లున్నవాడు అయివుండాలేమో.

కుటుంబరావు దారి వేరు. ఆయన ఇంట్లోనే కూర్చుని లెక్కలు చూస్తారు. 'చదువు' నవలలో సుందరం చదువు కోసం ఆ ఇల్లు ఏమేం ఖర్చుపెట్టిందో, ఎవరెవరి ఆశలు దానిమీద పెట్టుబడి అయ్యాయో పట్టిపట్టి చెబుతారు. ఆ పెట్టుబడిలో తల్లి సీతమ్మది పెద్ద భాగం. లాభంలో ఆమె భాగమెంత అన్న ప్రశ్న నవల సూటిగా అడగదు. మనం అడగొచ్చు.

ఆ ప్రశ్నని సూటిగా అడిగిన రచయిత్రి కూడా తెనాలిలో పాఠాలు చెప్పినావిడే. ఓల్గా 1973 నుంచి 1986 దాకా తెనాలి వి.ఎస్‌.ఆర్. అండ్ ఎన్‌.వి.ఆర్. కాలేజీలో తెలుగు అధ్యాపకురాలిగా పనిచేశారు. ఆ మరుసటి ఏడాది, 1987లో వచ్చింది 'స్వేచ్ఛ'. ప్రేమించి పెళ్లి చేసుకున్న అరుణ, చదువూ ఉద్యోగం ఉన్న అరుణ, ఆ ఇంట్లో తనకి చోటు లేదని తెలుసుకోవడమే ఆ నవల. రాజేశ్వరికీ అరుణకీ మధ్య అరవై ఏళ్లున్నాయి. ఆ అరవై ఏళ్లలో మారింది ధైర్యం కాదు, రాజేశ్వరి ధైర్యం తక్కువదేం కాదు. మారింది నెల జీతం. ఆ జీతం తెచ్చిపెట్టింది ఆడవాళ్ల చదువు, ఉద్యోగాలు. 'స్వేచ్ఛ'ని మనం విలువల చర్చగా ఎన్నోసార్లు చదివాం. అద్దె కట్టగలిగిన మొదటి తరం స్త్రీల నవలగా కూడా చదవాలని నాకనిపిస్తుంది. ఆ జీతం ఉండి కూడా నాకు ఆరిళ్లు దొరకలేదన్నది వేరే సంగతి.

*

నేను ఇల్లు దొరకలేదని బాధపడుతున్న ఆ రోజుల్లోనే ఒకసారి బాపట్ల వెళ్లడానికి పాసింజరు ఎక్కాను. తెనాలి దాటగానే వచ్చే స్టేషను చుండూరు. ఆ బోర్డు చూశాక నా బాధకి కొలత మారింది.

1991 జులైలో చుండూరు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో ఉన్న అగ్రకులం మనిషికి తగిలింది. గొడవ అక్కడ మొదలైంది. దళితుల మీద సాంఘిక బహిష్కరణ, తర్వాత ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్య. చంపినవాళ్లని గోనెసంచుల్లో కుక్కి కాలువలో పారేశారు. మిగిలినవాళ్లు పిల్లాపాపలతో తెనాలి వచ్చి శిబిరాల్లో తలదాచుకున్నారు. 2007 జులై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది.

సినిమా హాలు తెనాలి ప్రాంతపు గొప్ప సాంస్కృతిక సంస్థ అని మనం రాసుకుంటాం. 1938లో 'మాలపిల్ల' వచ్చినప్పుడు అందులో మాలపిల్లగా వేసింది తెనాలి కాంచనమాలే. తెలుగు ప్రేక్షకులు ఆ పిల్లని నెత్తిన పెట్టుకున్నారు. తెర మీద మాలపిల్లని ప్రేమించిన సమాజమే యాభై మూడేళ్ల తర్వాత హాల్లో మాలపిల్లవాడి కాలు తగిలితే సహించలేకపోయింది. ఆడవేషం వేసిన మగవాడికి దక్కిన గౌరవం ఆడవాళ్లకి దక్కనట్టే, దళిత వేషానికి దక్కిన ప్రేమ దళితులకి దక్కలేదు. ఈ రెండూ ఒకే ఊరి కథలు. కానీ ఆంధ్రా పారిస్ పటంలో ఆ శిబిరాలకి గుర్తు లేదు. నా నలభై గుర్తుల్లోనూ అప్పటిదాకా లేదు. ఇది నేను సిగ్గుపడుతూ చెబుతున్నాను. ఆ శిబిరాల్లో వంటా నీళ్లూ పురుళ్లూ చూసుకున్న ఆడవాళ్లకి ఊరు మారడం అంటే ఏమిటో రాయడానికి నేను సరైన మనిషిని కాదు. వాళ్లు రాసినప్పుడు చదవడానికి సిద్ధంగా ఉండాలి, అంతే.

బాపట్లలో దిగి మల్లాది సుబ్బమ్మ గారి గురించి అడిగాను. 1924లో రేపల్లె తాలూకా పోతార్లంకలో పుట్టి, చిన్నతనంలోనే పెళ్లై బాపట్ల వచ్చి, పిల్లల తల్లయ్యాక ప్రైవేటుగా చదువుకుని, మహిళా మండలి పనితో ఇల్లు దాటి, తర్వాత హైదరాబాద్ వెళ్లి స్త్రీల సంస్థలు స్థాపించారు. 2014లో కన్నుమూశారు. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలో జరిగిందని ఊళ్లో అందరికీ తెలుసు. సుబ్బమ్మ గారు ఈ ఊరి కోడలని నేనడిగిన నలుగురిలో ఒక్కరికే తెలుసు. రేపల్లె, వేమూరు, భట్టిప్రోలు నుంచి తెనాలి బట్టల షాపులకీ, ఆస్పత్రులకీ పనికి వచ్చే అమ్మాయిలు ఇప్పటికీ పొద్దున్న రైలుకి వచ్చి సాయంత్రం రైలుకి వెళ్లిపోతారు. తెనాలిలోనే ఉండొచ్చు కదా అని ఒకమ్మాయిని అడిగాను. "జీతం గదికే పోద్ది మేడమ్. అయినా ఒక్కదానికి ఎవరిస్తారు?" అంది. నేనే ఆ మాట ఆమెని అడగాల్సింది కాదు.

*

మళ్లీ మా వాటా దగ్గరికి వస్తాను.

అమరావతి రాజధాని అని 2014లో తేలాక, తెనాలి చుట్టుపక్కల భూములు కూడా రాజధాని ప్రాంతంలో చేరాయి. రేట్లు లేచాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే చల్లబడ్డాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక మళ్లీ కదలిక వచ్చింది. కాలవగట్టు మీద, టీ బడ్డీల దగ్గర గజం ఎంత అన్నదే మాట. ఆ మాటలు మాట్లాడేది మగవాళ్లు. ఆడవాళ్లు ఆ కథలోకి రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర వెయ్యాల్సినప్పుడు వస్తారు.

ఆ ఏడాది దసరా వెళ్లాక పిన్నిగారు ఒక సాయంత్రం ఒక కాగితాల కట్ట తెచ్చారు. ఇల్లు డెవలప్‌మెంటుకి ఇస్తున్నారట. పెంకుటిల్లు కొట్టేసి అపార్ట్‌మెంటు కడతారు, ఫ్లాట్లు బిల్డరుకి కొన్ని, వీళ్లకి కొన్ని. "నువ్వు చదువుకున్నదానివి కదా అమ్మాయ్, ఇందులో నా పేరు ఎక్కడుందో చూసిపెట్టు" అన్నారు.

నేను చదివాను. జీవితమంతా పాఠాలు చదవడమే నా వృత్తి. ఇంత శ్రద్ధగా మాత్రం దేన్నీ చదవలేదు. ఇల్లు వాళ్లాయన స్వార్జితం. వీలునామా రాయకుండా పోయారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, కొడుక్కీ, ఇద్దరు కూతుళ్లకీ సమాన వాటాలు. కానీ ఆయన పోయిన మూడో ఏట తల్లీ కూతుళ్లు ముగ్గురూ కొడుకు పేర హక్కు విడుదల దస్తావేజు రాసిచ్చారు. ఆడపిల్లలకి పసుపు కుంకుమ ఎప్పుడో ఇచ్చాం కదా అన్నది కారణం. తల్లికి కారణం కూడా అక్కర్లేకపోయింది. పన్నెండు పేజీల ఒప్పందంలో పిన్నిగారి పేరు ఒక్కచోట ఉంది, కొడుకు పేరు పక్కన, ఆయన ఎవరి సంతానమో చెప్పేచోట. ఎక్కడ ఉండబోతున్నారో లేదు.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీకు మూడు షరతులు పెట్టాను గానీ, నాకు ఎవరూ ఏ షరతూ పెట్టలేదని ఇన్నాళ్లూ అనుకున్నా" అన్నారు.

మన రాష్ట్రంలో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చిన సవరణ 1986లోనే వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. 2020 డిసెంబరులో ప్రభుత్వం పేదల ఇళ్ల పట్టాలు స్త్రీల పేరు మీదే ఇవ్వడం మొదలుపెట్టింది. ఇవేవీ చిన్న విషయాలు కావు. కానీ చట్టం ఇచ్చిన వాటాని ప్రేమ పేరుతో, మర్యాద పేరుతో వెనక్కి తీసుకునే విద్య మన కుటుంబాలకి బాగా తెలుసు. ఆ విద్య మీద మన కథలు, నవలలు ఎన్నో వచ్చాయి. ఆ దస్తావేజులు మాత్రం మనం చదవలేదు. ఊరి సాహిత్య చరిత్ర రాసేవాళ్లం పత్రికల ఫైళ్లతో పాటు వాటినీ తెరవాలి. ఒక రచయిత ఇంటి ముందు ఫలకం పెట్టేటప్పుడు ఆ ఇల్లు ఎవరి పేరు మీదుందో, ఎవరి సంతకంతో చేతులు మారిందో అడగాలి.

పిన్నిగారు కూతుళ్లిద్దర్నీ పిలిపించారు. నాలుగు రోజులు ఇంట్లో పెద్దపెద్ద మాటలు వినపడ్డాయి. ఒక ఫ్లాటు తన పేర రాస్తేనే ఇల్లు ఖాళీ చేస్తానని ఆవిడ పట్టుబట్టి కూర్చున్నారు. హక్కు ఎప్పుడో వదులుకున్నారు కాబట్టి చట్టం ఆవిడ పక్కన ఉందని చెప్పలేను. ఆ మాట ఆవిడకీ చెప్పాను. "చట్టం సంగతి నువ్వు చూడు, ఇల్లు ఖాళీ చెయ్యాల్సింది నేను కదా" అన్నారు. ఇది రాసేనాటికి బిల్డరు ఇంకా ఆగే ఉన్నాడు.

నన్ను మాత్రం సంక్రాంతికల్లా వేరే చోటు చూసుకోమన్నారు. మళ్లీ టులెట్ బోర్డులు చూస్తూ తిరుగుతున్నాను. నిన్న ఒక గేటు దగ్గర "మీ వారేం చేస్తారమ్మా?" అని అడిగినావిడని, "ఇల్లు మీ పేరు మీదుందాండీ?" అని అడిగాను. ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. గేటు తీసి లోపలికి రమ్మన్నారు.